టెక్సస్‌లో జింకల వేట: ఎర, ఫీడర్, ఫుడ్ ప్లాట్ వాడే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

టెక్సస్‌లో వైట్‌టెయిల్ జింకలు 50 లక్షలకు పైనే ఉన్నాయని అక్కడి పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ అంచనా. రాష్ట్రంలో నూటికి 95 పాళ్ల భూమి ప్రైవేటు చేతుల్లో ఉంది. చాలా చోట్ల సీడర్, మెస్కీట్ పొదలు దట్టంగా పెరిగి ముప్పై గజాల అవతల ఏముందో కనిపించదు. అందుకే అక్కడ జింక వెంట తిరగడం కంటే, దాన్ని ఒక చోటికి అలవాటు చేసి మాటు వేయడం పద్ధతిగా స్థిరపడిపోయింది. అక్టోబర్ వచ్చిందంటే పల్లె దారుల్లో పెట్రోలు బంకుల ముందు కూడా డీర్ కార్న్ (జింకలకు వేసే మొక్కజొన్న) బస్తాలు గుట్టలుగా పేర్చి ఉంటాయి.

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ వైపు ఉండే తెలుగువాళ్లలో కొందరు ఆఫీసు స్నేహితులతో కలిసి డీర్ లీజులో, అంటే వేట కోసం అద్దెకు తీసుకున్న భూమిలో, వాటా తీసుకుంటారు. ఇంకొందరు ఊరి బయట పదో ఇరవయ్యో ఎకరాలు కొనుక్కుంటారు. వాళ్ల మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: మొక్కజొన్న పోస్తే జింక వస్తుందా? తప్పకుండా వస్తుంది, అర్ధరాత్రి రెండింటికి. వెలుతురు ఉండగా, మీకు అనువైన చోటికి, బెదరకుండా వచ్చేలా చేయడమే అసలు పని. దానికి నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో కూర్చుని చదువుతున్నవాళ్లకు ముందుగా ఒక మాట. ఇది మన దగ్గర చేసే పని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. ఆ చట్టంలో వేటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఎర వేయడం కూడా ఉంది. కాబట్టి జంతువు చావకపోయినా కేసు కేసే.

మొదటి మెట్టు: కాగితాలు

టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో, జింకకు ఎర వేసి వేటాడడం చట్టబద్ధమే. నేషనల్ ఫారెస్టుల్లాంటి ప్రభుత్వ భూముల్లో కుదరదు. అక్కడ మొక్కజొన్న చల్లి కూర్చుంటే ఫైన్ ఖాయం.

పక్క రాష్ట్రంలో ఉన్న బంధువు చెప్పిన రూలు నమ్మకండి. జార్జియాలో 2018 నుంచి రాష్ట్రమంతటా ప్రైవేటు భూముల్లో ఎర మీద వేట అనుమతించారు. మిషిగన్‌లో దిగువ ద్వీపకల్పం మొత్తం 2019లో నిషేధించారు. మిన్నెసోటా, ఇల్లినాయ్, వర్జీనియాల్లో ఎర మీద వేట చెల్లదు. ఇల్లినాయ్‌లో అయితే ఎర తీసేసిన తర్వాత కూడా 10 రోజుల పాటు ఆ చోటును ఎర వేసిన చోటుగానే లెక్కిస్తారు. ఫుడ్ ప్లాట్ సంగతి వేరు. విత్తనం వేసి పెంచిన పంటను మామూలు వ్యవసాయంగానే చూస్తారు కాబట్టి, ఎర నిషిద్ధమైన చాలా రాష్ట్రాల్లో కూడా ప్లాట్ మీద వేట చెల్లుతుంది.

టెక్సస్‌లో ఆరు నెలలుగా నివాసం ఉంటే రెసిడెంట్ లైసెన్సు ఇస్తారు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. లైసెన్సుతో పాటు జింక ట్యాగులు, అంటే కొట్టిన జింకకు తగిలించే చీటీలు వస్తాయి. కౌంటీని బట్టి ఎన్ని కొట్టవచ్చో మారుతుంది. చాలా కౌంటీల్లో మగ జింకకు కొమ్ముల నిబంధన కూడా ఉంది: రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు కనీసం 13 అంగుళాలు ఉండాలి, లేదా కనీసం ఒక కొమ్ము కొమ్మలు చీలకుండా ఒంటి పుల్లలా ఉండాలి. శాఖవారి అవుట్‌డోర్ యాన్యువల్ యాప్‌లో మీ కౌంటీ పేరు కొట్టి ఏటా కొత్తగా చూసుకోండి.

హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి. నాన్-ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరిందంటే మినహాయింపూ పోయినట్టే. స్నేహితుడి రైఫిల్ కాసేపు పట్టుకున్నా ఇదే లెక్క. ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడి గానీ తుపాకీ జోలికి వెళ్లకండి. విల్లు, క్రాస్‌బో ఈ ఫెడరల్ చట్టం కిందికి రావు. వీసా టెన్షన్ ఉన్నవాళ్లకు విల్లుతో మొదలుపెట్టడమే హాయి.

మరో చిక్కు పావురాల దగ్గర వస్తుంది. వలస పక్షులను ఎర మీద కొట్టడం దేశమంతటా ఫెడరల్ నేరం. టెక్సస్‌లో డవ్ సీజన్ సెప్టెంబర్‌లో మొదలవుతుంది, జింకలకు గింజలు వెదజల్లే ఫీడర్లు కూడా అప్పటికే తిరుగుతుంటాయి. చెరువు గట్టున పావురాలు కొట్టే అలవాటు మీ లీజులో ఉంటే ఫీడర్‌ను దానికి దూరంగా పెట్టండి. ఇక్కడ కూడా గింజలు తీసేశాక 10 రోజులు ఆగాలి.

రెండో మెట్టు: జింక ఇప్పటికే ఏం తింటోందో చూడండి

మొక్కజొన్న జింకకు చిరుతిండి. దాని అసలు తిండి ఆకులు, లేత చిగుళ్లు, వెడల్పాటి ఆకుల కలుపు మొక్కలు, రాలిన కాయలు. గడ్డి తక్కువే తింటుంది. జూలై, ఆగస్టుల్లో భూమి అంతా ఒకసారి నడవండి. గ్రీన్‌బ్రయర్ తీగల చివర్లు కొరికి ఉన్నాయా, కంచె కింద దూరే దారులు ఎక్కడున్నాయి, నీళ్లు ఎక్కడ, పగలు పడుకునే గుబురు ఎక్కడ, ఇవి ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యంగా ఓక్ చెట్లు ఎక్కడున్నాయో చూడండి. లైవ్ ఓక్, పోస్ట్ ఓక్ కాయలు శరదృతువులో రాలుతాయి. కాపు బాగున్న ఏడాది ఫీడర్ కింద గింజలు అలాగే పడి ఉంటాయి, జింక అటు తిరిగి చూడదు. కొత్తవాళ్లు ఫీడర్ చెడిపోయిందనుకుని బ్యాటరీ మారుస్తారు, మోటార్ మారుస్తారు, చివరికి బ్రాండే మారుస్తారు. ఆ వారాల్లో చేయాల్సింది ఫీడర్‌ను వదిలి ఓక్ చెట్ల అంచున కూర్చోవడం. డిసెంబర్ చివరికి కాయలు అయిపోయి చలి ముదిరాక అవే జింకలు మళ్లీ ఫీడర్ దగ్గరికి వస్తాయి.

మూడో మెట్టు: దేనికి ఖర్చుపెట్టాలి

హిల్ కంట్రీలో, అంటే లానో, మేసన్ కౌంటీల చుట్టుపక్కల, నేల లోతు తక్కువ, రాయి ఎక్కువ, వాన నమ్మకం లేదు. పైగా లీజు భూమిలో దున్నడానికి యజమాని ఒప్పుకోకపోవచ్చు. అలాంటి చోట ఫీడరే దారి. తూర్పు టెక్సస్‌లో పైన్ అడవుల మధ్య వాన పుష్కలం, భూమి మెత్తన. అక్కడ ఫుడ్ ప్లాట్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు. సొంత భూమి ఉండి అయిదారేళ్లు అక్కడే వేటాడే ఆలోచన ఉంటే ముందు ప్లాట్, తర్వాత ఫీడర్. వారాంతాల్లో మాత్రమే వెళ్లే లీజు అయితే ఒక మంచి ఫీడర్, రెండు మాటులు చాలు. మార్కెట్‌లో దొరికే వాసన పొడులు, ఆపిల్ ఎసెన్సులు, చక్కెర పాకం సీసాలకు నా సొమ్ము నేను పెట్టను. వాటి వాసనకు జింక కంటే ముందు రకూన్లు అనే చిన్న అడవి జంతువులు, పందులు దిగుతాయి.

నాలుగో మెట్టు: గింజల ఎంపిక

మొక్కజొన్నలో ప్రొటీన్ 7–9 శాతం మాత్రమే. జింక దాని రుచికి వస్తుంది, కొమ్ములు పెరగడానికి అది చాలదు. ఎరగా మాత్రం దానికి సాటి లేదు: చవక, దొరకని ఊరు లేదు, ఫీడర్‌లో ఇరుక్కోదు.

బస్తా కొనేటప్పుడు ట్యాగ్ చదవండి. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం 20 పీపీబీ (వంద కోట్ల పాళ్లలో 20) కంటే తక్కువ అని రాసి ఉన్నదే తీసుకోండి. వేరుశెనగ, ఎండుమిర్చి ఎగుమతి చేసే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ పేరు కొత్తేమీ కాదు. అదే బూజు, అదే విషం. జింక కొంత వరకు తట్టుకుంటుంది గానీ, ఫీడర్ కింద ఏరుకు తినే టర్కీలకు, క్వెయిల్ పిట్టలకు అది ప్రాణాంతకం. ముక్కిన వాసన వచ్చినా, గింజలు ఉండలు కట్టినా ఆ బస్తా వద్దు. నేల మీద గుట్టలుగా కుమ్మరించకండి. ఒక వాన పడితే అడుగు గింజలు రెండు మూడు రోజుల్లోనే బూజు పడతాయి.

చేత్తో చల్లే ఎరగా తవుడు బాగా పనిచేస్తుంది. టెక్సస్‌లో వరి పండించే ప్రాంతం ఉంది కాబట్టి రైస్ బ్రాన్ ఫీడ్ స్టోర్లలో దొరుకుతుంది. దాని వాసన దూరం పాకుతుంది. తవుడులో నూనె ఉంటుంది, ఎండకు త్వరగా కంపు కొడుతుంది. కొద్దికొద్దిగా, వెళ్లిన ప్రతిసారీ కొత్తది వేయాలి.

పత్తి గింజల సంగతి చాలామందికి తెలియదు. గేదెలకు పత్తి గింజలు నానబెట్టి పెట్టిన ఇళ్ల వాళ్లకు మాత్రం దాని బలం తెలుసు. వాటిలో ప్రొటీన్ 20 శాతం పైనే, కొవ్వు కూడా దాదాపు అంతే. అడవి పందులు, రకూన్లు వాటిని పెద్దగా ముట్టవు. అందుకని ఇనుప వలతో గుండ్రటి బుట్ట కట్టి అందులో నింపి వదిలేస్తారు, జింకలు కన్నాల్లోంచి లాక్కుని తింటాయి. దూది అంటుకుని ఉండడం వల్ల ఫీడర్ మోటార్‌కు పనికిరావు. వాటిలో గాసిపాల్ అనే పదార్థం ఉంది. అది మగ జంతువుల సంతానశక్తిని దెబ్బతీయగలదు కాబట్టి జత కట్టే కాలానికి ముందే, అంటే వేసవి చివరికల్లా ఆపేయాలి. మొదట్లో జింకలు వాటిని గుర్తుపట్టవు, పైన గుప్పెడు మొక్కజొన్న చల్లితే అలవాటు పడతాయి.

ఉప్పు గడ్డలు, మినరల్ బ్లాకులు వసంతంలో, ఎండాకాలంలో బాగా నాకుతాయి. వేట కాలం వచ్చేసరికి ఆ మోజు తగ్గిపోతుంది. మాటు ముందు పెట్టుకునే ఎరగా వాటి మీద ఆశ పెట్టుకోకండి.

అయిదో మెట్టు: ఫీడర్ నిలబెట్టడం

ఎక్కువమంది వాడేది మూడు కాళ్ల స్పిన్నర్ ఫీడర్. పైన డ్రమ్ము, కింద గింజలను విసిరే చక్రం, దానికి టైమర్, 6 లేదా 12 వోల్టుల బ్యాటరీ, చిన్న సోలార్ ప్యానెల్. 55 గ్యాలన్ల డ్రమ్ములో సుమారు 330 పౌండ్ల మొక్కజొన్న పడుతుంది. గింజలు కిందికి వాటంతటవే జారే గ్రావిటీ ఫీడర్ ప్రొటీన్ గుళికలకు మంచిది. వేటకు అది పనికిరాదు. ఎప్పుడు వచ్చినా తిండి దొరుకుతుందని తెలిస్తే జింక చీకటి పడ్డాకే వస్తుంది.

చోటు ఎంపికలో తొందర వద్దు. పడుకునే గుబురుకు మరీ దగ్గరగా పెడితే మీరు గింజలు నింపడానికి వెళ్లిన ప్రతిసారీ జింకలు లేచి పోతాయి. మరీ బట్టబయట పెడితే పగలు రావు. గుబురుకు, నీటికి మధ్య నడిచే దారి పక్కన, చుట్టూ ముప్పై నలభై గజాల ఖాళీ, ఆ తర్వాత పొదలు ఉన్న చోటు సరైనది. రైఫిల్ వేటకు మాటు నుంచి 80–120 గజాలు, విల్లు వేటకు 20 గజాలు పెట్టుకోండి. కారు లేదా బండి డ్రమ్ము దాకా వచ్చేలా ఉండాలి. 50 పౌండ్ల బస్తాలు భుజాన మోసుకెళ్లే ఉత్సాహం మొదటి నెలతో సరి.

బిగించాక ఒక పరీక్ష చేయండి. చక్రం కింద పెద్ద ప్లాస్టిక్ సంచి కట్టి, టైమర్‌ను 5 సెకన్లు నడిపి, పడిన గింజలు తూకం వేయండి. మోటారును బట్టి ఇది చాలా మారుతుంది, డబ్బా మీద రాసిన అంకె నమ్మకండి. పొద్దున రెండున్నర, సాయంత్రం రెండున్నర పౌండ్లు పడేలా సెకన్లు సర్దండి. రోజుకు 5 పౌండ్లయితే నిండు డ్రమ్ము రెండు నెలలు దాటి వస్తుంది. జింకలు ఎక్కువగా ఉండి పది నిమిషాల్లో ఊడ్చేస్తుంటే కొద్దిగా పెంచండి. మధ్యాహ్నానికి కూడా గింజలు మిగిలి ఉంటే తగ్గించండి.

వేళల విషయంలో: పొద్దున తూటా వేయగల వెలుతురు వచ్చాక, అంటే సూర్యోదయమైన పావుగంటకు. సాయంత్రం సూర్యాస్తమయానికి గంట, గంటన్నర ముందు. ఆస్టిన్ వైపు నవంబర్ నడుమ పొద్దు పొడిచేది 7కు కాస్త ముందు, కుంకేది 5:30 దాటాక. చట్టం ప్రకారం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయమైన అరగంట దాకా వేటాడవచ్చు.

ఇక్కడే ఒక గమ్మత్తు ఉంది. టెక్సస్ జనరల్ సీజన్ (ప్రధాన వేట కాలం) నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. గడియారాలు గంట వెనక్కి తిప్పేది నవంబర్ మొదటి ఆదివారం. చాలా ఏళ్లు ఇవి వరుస రోజుల్లో పడతాయి. మీ టైమర్ మామూలుదైతే దాన్ని ముట్టుకోకండి. జింకకు తెలిసింది సూర్యుడే, టైమర్ కూడా సూర్యుడితోనే నడుస్తున్నట్టు లెక్క. గంట తేడా మీరు గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. ఫోన్‌తో నడిచే ఫీడర్ తనంతట తానే గంట మార్చుకుంటుంది కాబట్టి, దానికి మాత్రం గింజలు పడే వేళలను కూడా గంట తగ్గించి (7:30 ఉంటే 6:30కి) పెట్టాలి.

ఫీడర్‌ను ఆగస్టు చివరికో సెప్టెంబర్ మొదటికో నడపడం మొదలుపెట్టండి. చక్రం గిర్రున తిరిగే చప్పుడుకు జింకలు మొదట అదిరి పరుగెత్తుతాయి. నెల తర్వాత అదే చప్పుడు విని వస్తాయి. మధ్యలో డ్రమ్ము ఖాళీ అయితే ఆ నమ్మకం పోతుంది, కాబట్టి సీజన్ మొదలయ్యే వారం ముందే నింపేయాలి. మొదటి రోజు పొద్దున నింపడానికి వెళ్లడం అంటే ఆ రోజు వేట వదులుకున్నట్టే.

పందుల బెడద లేని టెక్సస్ లీజు అరుదు. ఒక గుంపు దిగితే రాత్రికి రాత్రి నేల దున్నేసి, ఫీడర్ కాళ్లు రాసుకుని పడదోస్తుంది. 34 అంగుళాల ఎత్తున్న హాగ్ ప్యానెళ్లతో చుట్టూ కంచె కట్టండి. జింక అవలీలగా దూకుతుంది, పంది దూకలేదు. కంచె విశాలంగా, కనీసం 50–60 అడుగుల వ్యాసంలో ఉండాలి. ఇరుకైన కంచెలోకి జింక దూకదు, గింజలు కూడా బయటికి ఎగిరిపడతాయి. టీ-పోస్టులు (ఇనుప కంచె స్తంభాలు) దగ్గరదగ్గరగా దించండి. రకూన్లు చక్రాన్ని చేత్తో తిప్పి గింజలు రాలుస్తాయి, చక్రం చుట్టూ ఇనుప పంజరం బిగిస్తే ఆ దొంగతనం ఆగుతుంది.

ఆరో మెట్టు: ఫుడ్ ప్లాట్

మన ఖరీఫ్, రబీ లాగే అక్కడా వేసవి ప్లాట్, శీతాకాలపు ప్లాట్ అని రెండు. వేటకు కావాల్సింది రెండోది. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో విత్తితే నవంబర్‌కు లేత పచ్చిక సిద్ధంగా ఉంటుంది. చుట్టూ అడవి ఎండి గోధుమ రంగుకు తిరిగే వేళ ఆ పచ్చదనం మీదికి జింక పగలు కూడా వస్తుంది.

పని మాత్రం వేసవిలోనే మొదలవ్వాలి. ముందు మట్టి పరీక్ష. ప్లాట్‌లో 10–15 చోట్ల ఆరు అంగుళాల లోతు నుంచి మట్టి తీసి, ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, అందులోంచి కొంత ఆరబెట్టి టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ల్యాబుకు పంపండి. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ మెట్టే. తూర్పు టెక్సస్ ఇసుక నేలలు బాగా ఆమ్లంగా ఉంటాయి. పీహెచ్ 6కు తక్కువ ఉన్న నేలలో ఎంత ఎరువు వేసినా మొక్క దాన్ని సరిగ్గా తీసుకోలేదు. సున్నం వేయాలి, అదీ విత్తడానికి మూడు నెలలైనా ముందు, ఎందుకంటే సున్నం నేలలో మెల్లగా పనిచేస్తుంది. హిల్ కంట్రీ సున్నపురాయి నేలల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం, అక్కడ సున్నం వేయడం డబ్బు పారేసుకోవడమే.

చోటు ఫీడర్‌కు చెప్పినట్టే. ఆకారం చతురస్రంగా కాకుండా పొడవుగా, సన్నగా, కాస్త వంపు తిరిగి ఉంటే మంచిది. జింక అడుగు తీస్తే పొదల్లో ఉంటుంది కాబట్టి ధైర్యంగా తింటుంది. అర ఎకరం నుంచి ఎకరం వేటకు సరిపోతుంది. మొత్తం మందను మేపాలనుకుంటే అంతకు చాలా రెట్లు కావాలి.

ఆగస్టులో కలుపు మందు కొట్టండి. రెండు వారాలయ్యాక డిస్కుతో పైపైన దున్నండి. లోతుగా దున్నితే అడుగున నిద్రపోతున్న కలుపు గింజలన్నీ లేస్తాయి. ఎకరాకు 50 పౌండ్ల ఓట్స్, 15–20 పౌండ్ల ఆస్ట్రియన్ వింటర్ పీస్ (చలికాలపు బఠాణీ), 5 పౌండ్ల ఆరోలీఫ్ లేదా క్రిమ్సన్ క్లోవర్ (మేత మొక్క) కలిపి వేస్తే కొత్తవాళ్లకు నమ్మకమైన మిశ్రమం. ఓట్స్ రెండు మూడు వారాల్లో తినడానికి వస్తుంది, బఠాణీ చలిలో తీపెక్కుతుంది, క్లోవర్ వసంతం దాకా మిగిలి ఆడ జింకలకు బలం ఇస్తుంది. ఓట్స్, బఠాణీ అంగుళం లోతున పడాలి. వాటిని చల్లి డిస్కు తిప్పిన తర్వాతే క్లోవర్ చల్లండి. దాని గింజ పావు అంగుళం దాటి లోపలికి పోతే మొలవదు. పైన రోలరో, అదీ లేకపోతే బండి టైర్లో నడిపి నేల అదమాలి. బఠాణీ, క్లోవర్ విత్తనాలకు రైజోబియం కల్చర్ పట్టించడం మరవకండి, సంచి మీద ముందే పట్టించినట్టు రాసి ఉంటే అవసరం లేదు. రైగ్రాస్ గడ్డిని మాత్రం ఎంత చవకగా దొరికినా దించకండి. తర్వాత ఏళ్ల తరబడి అదే కలుపై కూర్చుంటుంది.

సెప్టెంబర్ మొదట్లోనే తొందరపడి విత్తినవాళ్ల ప్లాట్లను ఎక్కువగా నాశనం చేసేది ఫాల్ ఆర్మీవర్మ్. మన మొక్కజొన్న రైతులు 2018 నుంచి కత్తెర పురుగు అని తిట్టుకుంటున్నది దీన్నే. అమెరికా ఖండాలే దాని పుట్టిల్లు. మొలిచిన ఓట్స్‌ను రెండు మూడు రోజుల్లో నేల మట్టం చేస్తుంది. రాత్రులు చల్లబడేదాకా ఆగి, వాన సూచన చూసుకుని విత్తితే ఈ గొడవ చాలా వరకు తప్పుతుంది.

ప్లాట్ మధ్యలో ఇనుప వలను నాలుగు అడుగుల వ్యాసంలో చుట్టి ఒక గుండ్రటి పంజరం నిలబెట్టండి. నెల తర్వాత లోపలి పంట మోకాలెత్తు ఉండి, బయట పచ్చిక బొటనవేలంత ఉంటే విత్తనం తప్పు లేదు, జింకలే ఎక్కువ. పంజరం లోపల కూడా పెరగకపోతే తప్పు నేలది. ఈ చిన్న ఏర్పాటు లేకుండా ప్లాట్ ఎందుకు పోయిందో చెప్పడం ఎవరివల్లా కాదు.

వేసవి ప్లాట్ ఏప్రిల్, మే నెలల్లో. అందులో వేసేవి చూస్తే ఇంటి పెరడు గుర్తొస్తుంది: అలసందలు, చిక్కుడు. అక్కడ ఐరన్ అండ్ క్లే కౌపీస్, లాబ్‌లాబ్ అని అమ్ముతారు. టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్లు జింకల మేతకని రియో వర్దే అనే చిక్కుడు రకాన్ని విడుదల చేశారు. కాయ కోసం కాదు, ఆకు కోసం. లేత మొక్కలంటే జింకలకు ఎంత పిచ్చి అంటే, ఎకరం లోపు ప్లాట్‌ను మొలకెత్తిన పది రోజుల్లో కాడలు చేసేస్తాయి. మూడు నాలుగు ఎకరాలైనా వేయాలి, లేదంటే మొదటి ఐదారు వారాలు కరెంటు తీగ కంచె పెట్టాలి. రెండూ కుదరకపోతే వేసవి ప్లాట్ ఆలోచన మానుకోండి.

ఏడో మెట్టు: మాటు, గాలి

జింక ముక్కు ముందు ఏ ఎరా పనిచేయదు. గాలి ఎర వైపు నుంచి మీ వైపు వీచాలి. టెక్సస్‌లో శరదృతువులో మామూలుగా గాలి దక్షిణం, ఆగ్నేయం నుంచి. చలిగాలి తెర దిగితే ఒక్కసారిగా ఉత్తరానికి తిరుగుతుంది, జింకలు బాగా కదిలేది కూడా ఆ రోజుల్లోనే. అందుకే ఒకే ఫీడర్‌కు రెండు మాటులు ఉండాలి: ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. ఏ రోజు ఎందులో కూర్చోవాలో గాలి చెబుతుంది. తూర్పు ముఖంగా కూర్చుంటే పొద్దున కళ్లలో ఎండ, పడమర ముఖంగా అయితే సాయంత్రం అదే బాధ. ఉత్తర దక్షిణాలకు పెట్టుకుంటే ఆ చిక్కూ ఉండదు.

మాటులోకి నడిచే దారి ప్లాట్ మీదుగా పోకూడదు. సాయంత్రం దిగేటప్పుడు జింకలు ఇంకా మేస్తుంటే దిగకండి. స్నేహితుణ్ని బండి తీసుకుని రమ్మనండి. బండికి బెదిరి పోయిన జింక మరునాడు మళ్లీ వస్తుంది, మంచె దిగిన మనిషిని చూసిన జింక ఆ మంచెను గుర్తు పెట్టుకుంటుంది.

ఎనిమిదో మెట్టు: ఎర మీద వేటాడడం

గింజలు పడగానే వచ్చేవి ఆడ జింకలు, పిల్లలు, ఏడాదిన్నర మగ కుర్రలు. వయసు మళ్లిన మగ జింక ఫీడర్ మీదుగా గాలి తన వైపు వీచే దిక్కున, యాభై నుంచి వంద గజాల అవతల పొదల్లో నిలబడి ముందు వాసన చూస్తుంది. కాబట్టి ట్రైల్ కెమెరాను (జంతువు కదిలితే తనంతట తానే ఫోటో తీసేది) ఫీడర్ మీదే కాకుండా, దానికి గాలివాటున ఉన్న దారి మీద కూడా ఒకటి పెట్టండి. జత కట్టే కాలంలో దాని దృష్టి మొక్కజొన్న మీద ఉండదు. హిల్ కంట్రీలో ఆ కాలం ఎక్కువగా నవంబర్‌లో, దక్షిణ టెక్సస్‌లో డిసెంబర్ నడుమ నుంచి. అప్పుడు ఫీడర్ పని ఆడ జింకలను అక్కడ ఉంచడమే, మగది వాటి కోసం వస్తుంది.

ఒకే మాటులో వరసగా కూర్చోకండి. కూర్చున్న ప్రతిసారీ ఆ చోటు కాస్త చెడుతుంది. రెండు రోజులు కూర్చుంటే వారమైనా వదిలేయండి.

ఎర మీద కొట్టడం వేటే కాదనే వాదన అమెరికాలోనే గట్టిగా ఉంది. నాకు అది సగమే ఒప్పుగా తోస్తుంది. దట్టమైన పొదల్లో పరుగెత్తే జింకను గాయపరిచి పోగొట్టుకోవడం కంటే, నిదానంగా నిలబడ్డ జింక వయసు, కొమ్ములు, వెనకాల ఇంకో జింక ఉందా లేదా అన్నీ చూసి పక్క నుంచి ఒకే తూటాతో పడేయడం మేలు. అయితే తల వంచి తింటున్నప్పుడు తొందరపడొద్దు. తల ఎత్తి, ముందుకాలు ముందుకు వేసేదాకా ఆగండి.

రోగం విషయం దాటవేయకూడదు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనేది ప్రయాన్ల వల్ల వచ్చే మెదడు జబ్బు, దానికి మందు లేదు. టెక్సస్‌లో మొదట 2012లో హ్యూకో కొండల మ్యూల్ జింకల్లో బయటపడింది. లాలాజలం, మలమూత్రాల ద్వారా పాకుతుంది, నేలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. పది జింకలు ఒకే గుట్టలో మూతి పెట్టడం దానికి ఎంత అనుకూలమో వేరే చెప్పక్కర్లేదు. గింజలను గుట్ట పోయకుండా వెదజల్లండి, తొట్లు వద్దు. వ్యాధి కనబడ్డ కౌంటీలో ఉంటే జింకను పరీక్షకు ఇచ్చి ఫలితం వచ్చాకే మాంసం వండండి. మనుషులకు సోకినట్టు రుజువు లేదు, అయినా వ్యాధి ఉన్న జింకను తినొద్దనే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. చిక్కి శల్యమై, తూలుతూ నడిచే జింక కనిపిస్తే కొట్టకుండా శాఖకు ఫోన్ చేయండి.

తొమ్మిదో మెట్టు: సీజన్ అయ్యాక

ఉత్తర మండలంలో జనవరి మొదటి ఆదివారానికి, దక్షిణ మండలంలో మూడో ఆదివారానికి జనరల్ సీజన్ ముగుస్తుంది. మొక్కజొన్న ఆపేయవచ్చు. జింకలు బాగుండాలనుకుంటే ఫిబ్రవరి, మార్చి నుంచి 16–20 శాతం ప్రొటీన్ గుళికలకు మారండి, కొమ్ములు పెరిగేది వసంతం నుంచి ఆగస్టు దాకా. లీజు వాటాదారులు ఈ ఖర్చు పంచుకోవడానికి ఒప్పుకుంటారా అనేది జనవరిలోనే తేల్చుకోవాలి, జూన్‌లో అడిగితే గొడవే. క్లోవర్ ఉన్న ప్లాట్‌ను పూత వచ్చి గింజ రాలేదాకా కోయకండి, అదే మళ్లీ మొలుస్తుంది.

స్పిన్నర్ ఫీడర్ బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చుకోండి. చక్రం పైనున్న గొట్టంలో ఇరుక్కున్న పిండిని బ్రష్‌తో గీకేయండి, లేకపోతే తేమకు గడ్డకట్టి వచ్చే ఏడు మోటార్ కాలిపోతుంది. డ్రమ్ము అడుగున మిగిలిన తడి గింజలను అక్కడే పారబోయకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. బూజు పట్టిన ఆ గింజల దగ్గరికి ముందు చేరేవి టర్కీలు, క్వెయిల్ పిట్టలే.